ఒకే ఆంకోజీన్, వేర్వేరు కణాలు: చిట్టెలుక క్లోమం నుంచి నేర్చుకున్నది

అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న మీరు సెమినార్ కోసం అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ప్రతి కణంలోనూ ఒకే డి.ఎన్.ఏ. ఉన్నప్పుడు, చిట్టెలుక క్లోమంలో (ప్యాంక్రియాస్‌లో) ఒకే ఆంకోజీన్, అంటే కణాన్ని క్యాన్సర్ వైపు నెట్టే జన్యువు, ఒకసారి జీర్ణ ఎంజైములు చేసే కణాల కణితిని, మరొకసారి ఇన్సులిన్ చేసే కణాల కణితిని ఎందుకు పుట్టిస్తుంది, ఆ ఆంకోజీన్ పనిచేస్తున్న కణాలన్నీ కణితులుగా ఎందుకు మారవు? దానికి తోడు, ప్రొద్దుటూరులో ఉన్న మీ మేనమామ గారికి క్లోమంలో రాళ్లు, మధుమేహం ఉన్నాయనీ, ఈ పరిశోధనలు ఆయన విషయంలో ఏమైనా చెబుతాయా అనీ రాశారు. నేను ట్రాన్స్‌జెనిక్ (పరాయి జన్యువు పెట్టిన) చిట్టెలుకలతో నడిచే ప్రయోగశాలలో కొంతకాలం పనిచేసి, ఆ తరువాత కర్నూలులో వైద్య విద్యార్థులకు బయోకెమిస్ట్రీ బోధించాను. ఈ విషయం మీద నాకు ఉన్న ఆసక్తి ఇప్పటికీ తగ్గలేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నా సమాధానం సారాంశం ముందే చెబుతాను. ఆంకోజీన్‌ను కారణంలో సగంగానే చూడండి. మిగతా సగం, ఆ కణం ఏ రకం కణం, ఆ రకంగా నిలిచి ఉండడానికి దానిలో ఏ జన్యువులు తెరుచుకుని ఏవి మూసుకుని ఉన్నాయి అన్నది. క్లోమంలో క్యాన్సర్ మొదలయ్యే దారి చాలావరకు కణం తన రకాన్ని పోగొట్టుకోవడం గుండానే వెళుతుందని గత నలభై ఏళ్ల ప్రయోగాలు చూపించాయి.

మొదట కణజాలం సంగతి. క్లోమంలో అత్యధిక భాగం ఎసినార్ కణాలదే. అమైలేజ్, ట్రిప్సినోజెన్, ఎలాస్టేజ్ వంటి జీర్ణ ఎంజైములు తయారయ్యేది వాటిలోనే. ఆ స్రావాన్ని పేగులోకి చేర్చే గొట్టాల గోడలు నాళ కణాలవి. ఇన్సులిన్ చేసే బీటా కణాలు ఉండే లాంగర్‌హాన్స్ పుటికలు మొత్తం గ్రంథిలో 1 నుంచి 2 శాతం మాత్రమే. ఈ మూడు రకాలూ పిండదశలో ఒకే మూల కణసమూహం నుంచి వస్తాయి. పీడీఎక్స్1 అనే నియంత్రక ప్రోటీన్ (ఇతర జన్యువులను తెరిచే ప్రోటీన్) జన్యువును తొలగించిన చిట్టెలుకలు క్లోమం లేకుండానే పుడతాయని 1994లో తేలింది. పీటీఎఫ్1ఏ అనే మరో నియంత్రక ప్రోటీన్ లేకపోయినా క్లోమం సరిగా ఏర్పడదు. పెద్దయిన జంతువులో పీడీఎక్స్1 ప్రధానంగా బీటా కణాలలో మిగులుతుంది, పీటీఎఫ్1ఏ ఎసినార్ కణాలలో మిగులుతుంది. ఈ రెండు పేర్లనూ గుర్తుంచుకోండి, తరువాత కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

అన్ని కణాలలోనూ ఒకే డి.ఎన్.ఏ. ఉండి కూడా ఎలాస్టేజ్ ఎసినార్ కణంలోనే ఎలా తయారవుతుంది? కె.సి. కాలువ సుంకేసుల నుంచి కడప దాకా ఒకే నీటిని తీసుకుపోతుంది, కానీ లస్కరు ఏ తూము తలుపు ఎత్తితే ఆ తూము కింది పొలమే తడుస్తుంది. జన్యువు పక్కన ఉండే ఎన్‌హాన్సర్ అనే డి.ఎన్.ఏ. భాగం తూము వంటిది, దాన్ని పట్టుకునే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అనే నియంత్రక ప్రోటీన్లు లస్కరు వంటివి. ఏ కణంలో ఏ ఫ్యాక్టర్లు ఉన్నాయన్నదే ఏ జన్యువు తెరుచుకోవాలన్నది నిర్ణయిస్తుంది.

దీన్ని చూపించడానికి ఎలాస్టేజ్ జన్యువు ఎంతో అనుకూలంగా దొరికింది. 1984లో గాల్విన్ స్విఫ్ట్, రాబర్ట్ హామర్, రేమండ్ మెక్డొనాల్డ్, రాల్ఫ్ బ్రిన్‌స్టర్ పెద్ద ఎలుక నుంచి తీసిన ఎలాస్టేజ్ 1 జన్యువును ఫలదీకరణం చెందిన చిట్టెలుక అండంలోకి ఇంజెక్ట్ చేశారు. పుట్టిన చిట్టెలుకల్లో ఆ పరాయి జన్యువు క్లోమంలోనే బలంగా పనిచేసింది. మరుసటి ఏడాది రిచర్డ్ పామిటర్, డేవిడ్ ఆర్నిట్జ్ బృందం ఆ జన్యువు ముందున్న 213 బేస్ జతల ముక్కను మాత్రమే తీసుకుని, దాని వెనుక మనిషి గ్రోత్ హార్మోన్ జన్యువును అతికించింది. ఎసినార్ కణాలు మాత్రమే మనిషి గ్రోత్ హార్మోన్ తయారుచేయడం మొదలుపెట్టాయి. అదే ముక్క వెనుక డిఫ్తీరియా విషపు జన్యువును పెట్టినప్పుడు, 1987లో, క్లోమం దాదాపు లేకుండా పుట్టిన చిట్టెలుకలు వచ్చాయి. ఎన్‌హాన్సర్ ఎంత ఖచ్చితంగా కణాన్ని ఎంచుకుంటుందో దీనికన్నా స్పష్టంగా చూపించే ప్రయోగం నాకు తెలియదు.

అయితే మీ సెమినార్‌లో ఇక్కడితో ఆగవద్దు, ఎందుకంటే ఈ ఎన్‌హాన్సర్ లోపలి నిర్మాణం అంతకన్నా ఆసక్తికరమైనది. అది ఎ, బి, సి అనే మూడు చిన్న భాగాలతో ఏర్పడింది. ఎ భాగాన్ని పీటీఎఫ్1ఏ ఉన్న పీటీఎఫ్1 ప్రోటీన్ల సముదాయం పట్టుకుంటుంది, అది ఎసినార్ కణాలకే పరిమితం. బి భాగాన్ని విడిగా తీసి, అనేక ప్రతులుగా కలిపి చిట్టెలుకలలో పరీక్షించినప్పుడు అది ఎసినార్ కణాలలో కాక పుటికల కణాలలో పనిచేసిందని 1993లో మెక్డొనాల్డ్ బృందం ప్రకటించింది. అంటే ఎసినార్ జన్యువు ముందు కూర్చున్న ఎన్‌హాన్సర్ లోపలే, బీటా కణాన్ని గుర్తించగల ఒక ముక్క దాగి ఉంది! దానికి కారణం 1998లో తెలిసింది. బి భాగాన్ని పట్టుకునేది పీడీఎక్స్1. బీటా కణాలలో అది ఒంటరిగా పట్టుకుంటుంది, ఎసినార్ కణాలలో పీబీఎక్స్, ఎమ్‌ఈఐఎస్ కుటుంబాల ప్రోటీన్లతో కలిసి పట్టుకుంటుంది. ఒకే ప్రోటీన్ తన తోటి ప్రోటీన్లను బట్టి వేరే పని చేస్తుంది. ఒక్కొక్క ఫ్యాక్టర్‌కు ఒక్కొక్క కణమని పట్టిక రాసుకుని చదివే విద్యార్థులకు ఈ విషయం నేను ప్రతిసారీ నొక్కి చెప్పేవాణ్ణి, కణ విశిష్టత ఆ కలయికలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆంకోజీన్ల దగ్గరికి వస్తాను. ఎస్‌వీ40 వైరస్‌కు చెందిన టీ యాంటిజెన్ అనే ప్రోటీన్, కణ విభజనకు కళ్లెం వేసే పీ53, ఆర్‌బీ ప్రోటీన్లు రెండింటినీ నిర్వీర్యం చేస్తుంది, కనుక అది ఏ కణంలో ఉన్నా ప్రమాదమే. 1985లో డగ్లస్ హనహాన్ దాన్ని ఇన్సులిన్ జన్యు ప్రమోటర్ (జన్యువు ముందు ఉండి దాన్ని నడిపించే డి.ఎన్.ఏ. ముక్క) వెనుక పెట్టినప్పుడు బీటా కణాల కణితులు వచ్చాయి. అవి అదుపు లేకుండా ఇన్సులిన్‌ను వదిలి, రక్తంలో చక్కెర పడిపోయేలా చేస్తాయి. పామిటర్, బ్రిన్‌స్టర్, హామర్ బృందం అదే యాంటిజెన్‌ను ఎలాస్టేజ్ ఎన్‌హాన్సర్ వెనుక పెట్టినప్పుడు ఎసినార్ కణితులు వచ్చాయి. ప్రోటీన్ ఒకటే, గ్రంథి ఒకటే, మారింది ముందున్న నియంత్రక ముక్క. మీ మొదటి సందేహానికి సమాధానం ఈ రెండు చిట్టెలుకలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

రెండో సందేహానికి కూడా హనహాన్ చిట్టెలుకే సమాధానం. ఒక చిట్టెలుక క్లోమంలో సుమారు 400 పుటికలు ఉంటాయి, అన్నింటిలోనూ బీటా కణాలు టీ యాంటిజెన్‌ను తయారుచేస్తాయి. అయినా సగానికి పైగా పుటికలలో కణాలు అతిగా విభజన చెందడం వరకే జరుగుతుంది, గట్టి కణితిగా మారేది కొద్ది శాతం మాత్రమే. మధ్యలో ఒక అడ్డంకి ఉందని దీని అర్థం. 1989లో హనహాన్, జుడా ఫోక్‌మన్ బృందం ఆ అడ్డంకిలో ముఖ్యమైనది కొత్త రక్తనాళాలను పిలిపించుకునే సామర్థ్యమని చూపింది. ఆంకోజీన్ అవసరమే కానీ చాలదన్న మాటను తరగతిలో వల్లె వేయించడం సులువు; ఒకే గ్రంథిలో వందల పుటికలు పక్కపక్కన ఉండి, ఏది ఎక్కడ ఆగిపోయిందో కంటికి కనిపించేలా చూపించిన నమూనా ఇది.

ఇదే సమయంలో, 1987లో, ఎలాస్టేజ్ ఎన్‌హాన్సర్ వెనుక మార్పు చెందిన రాస్ జన్యువును (కణాన్ని విభజన వైపు నడిపే సంకేతాల జన్యువును) పెట్టిన ప్రయోగంలో మరింత తీవ్రమైన ఫలితం వచ్చింది. ఎసినార్ కణాలు ఏర్పడడం మొదలైన కొద్దిరోజులకే, అంటే పుట్టకముందే, క్లోమం నిండా కణితి పెరిగింది. అదే ఎన్‌హాన్సర్ వెనుక మిక్ ఆంకోజీన్‌ను పెట్టినప్పుడు చాలా కణితుల్లో ఎసినార్ భాగంతో పాటు నాళాల రూపం ఉన్న భాగాలు కూడా కనిపించాయి. ఎసినార్ కణంలో మొదలైన కణితి నాళ కణితిలా కనిపించగలదన్న మొదటి సూచనల్లో ఇది ఒకటి.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది, దాన్ని మీరు తప్పక పట్టుకోవాలి. ఎలాస్టేజ్ ఎన్‌హాన్సర్ వెనుక ఉన్న ఆంకోజీన్, కణం ఎసినార్‌గా ఉన్నంతకాలమే నడుస్తుంది. కణం తన రకాన్ని వదులుకోగానే ఎన్‌హాన్సర్ మూతపడుతుంది, దానితో ఆంకోజీన్ కూడా ఆగిపోతుంది. కాబట్టి ఆ ప్రయోగాలు మనిషిలో ఎక్కువగా కనిపించే నాళ క్యాన్సర్‌ను పూర్తిగా అనుకరించలేకపోయాయని నా అభిప్రాయం. అంతేకాక ఆ ఎన్‌హాన్సర్ చాలా బలమైనది, సహజంగా ఏ కణమూ చూడనంత రాస్‌ను అది చేయించింది. 2003లో సునీల్ హింగొరాని, డేవిడ్ టువెసన్ బృందం రూపొందించిన చిట్టెలుకలో ఈ రెండు లోపాలూ లేవు. అక్కడ రాస్ కుటుంబానికి చెందిన కేరాస్ జన్యువు మార్పు చెందిన రూపంలో దాని సొంత స్థానంలోనే, సొంత ప్రమోటర్ కిందే ఉంటుంది, ముందు ఒక ఆపుదల ముక్క ఉంటుంది. పీడీఎక్స్1 లేదా పీటీఎఫ్1ఏ నియంత్రణలో ఉన్న క్రీ ఎంజైము ఆ ముక్కను కత్తిరించి తీసేస్తుంది. ఒకసారి తీసేస్తే ఆ కణంలోనూ దాని సంతానంలోనూ కేరాస్ శాశ్వతంగా తెరుచుకునే ఉంటుంది. మనిషి క్లోమ నాళ క్యాన్సర్లలో 90 శాతానికి పైగా కేరాస్ మార్పు ఉంటుంది గనుక ఈ నమూనా మనిషి రోగానికి చాలా దగ్గరగా ఉంది.

ఆ చిట్టెలుకల్లో క్లోమంలోని దాదాపు అన్ని కణాలలోనూ కేరాస్ మార్పు ఉన్నా గ్రంథి చాలావరకు మామూలుగానే ఏర్పడింది. వయసు పెరిగేకొద్దీ ప్యాన్‌ఇన్ అనే క్యాన్సర్ ముందు దశ గాయాలు పెరిగాయి, దాడి చేసే క్యాన్సర్ కొన్నింటిలో, ఆలస్యంగా మాత్రమే వచ్చింది. పీ53 మార్పును కూడా కలిపినప్పుడు, 2005 నాటి ఆ చిట్టెలుకల్లో సగం సుమారు 5 నెలలకే చనిపోయాయి.

ఇక అత్యంత ముఖ్యమైన ప్రయోగం 2007లో మరియానో బార్బసిద్ ప్రయోగశాలలో జరిగింది. పెద్దయిన చిట్టెలుకల ఎసినార్ కణాలలో మాత్రమే కేరాస్ మార్పును తెరిచారు. ఏమీ జరగలేదు. కణాలు దాన్ని భరించి ఎసినార్‌గానే కొనసాగాయి. ఆ తరువాత సెరులిన్ అనే పదార్థాన్ని పదే పదే ఇచ్చి స్వల్పమైన దీర్ఘకాలిక క్లోమ శోథను (వాపును) కలిగించినప్పుడు, ప్యాన్‌ఇన్ గాయాలూ చివరకు క్యాన్సరూ వచ్చాయి. మార్పు ఉంది, అది పనిచేస్తోంది, అయినా పరిణతి చెందిన కణం దాన్ని అడ్డుకుంది. శోథ వచ్చి కణం గట్టితనాన్ని సడలించాకే దారి తెరుచుకుంది. దీనితో పాటు 2012లో వచ్చిన మరో పరిశోధనను చదవండి. అందులో కేరాస్‌ను నాళ కణాలలో తెరిచినప్పటికన్నా ఎసినార్ కణాలలో తెరిచినప్పుడు ప్యాన్‌ఇన్ గాయాలు ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చాయి. అయితే ఎసినార్ కణాలు ఆ దారిలో నడవడానికి సాక్స్9 అనే నాళ కణాల ఫ్యాక్టర్‌ను తెరుచుకోవలసి వచ్చింది. చిట్టెలుకలో నాళ క్యాన్సర్‌గా పేరుపడినది తరచుగా ఎసినార్ కణంలోనే పుడుతుంది. పీ53 కూడా పోయినప్పుడు నాళ కణాల నుంచి కూడా క్యాన్సర్ రావచ్చు, కాబట్టి ఒకే మూలమని పట్టుపట్టవద్దు.

ఎసినార్ రకాన్ని నిలబెట్టే ఫ్యాక్టర్లలో ఏది బలహీనపడినా కేరాస్‌కు దారి సుగమమవుతుంది. మిస్ట్1 లేని చిట్టెలుకల్లో ప్యాన్‌ఇన్ గాయాలు వేగంగా వస్తాయి. ఎన్ఆర్5ఏ2 ఒక ప్రతి మాత్రమే ఉన్న చిట్టెలుకల్లో బయటికి క్లోమం మామూలుగానే కనిపిస్తుంది కానీ లోపల శోథ జన్యువులు ముందే తెరుచుకుని ఉంటాయని 2018లో తేలింది. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, అదే ఎన్ఆర్5ఏ2 జన్యువు ఉన్న ప్రాంతంలోని వైవిధ్యాలకూ మనుషుల్లో క్లోమ క్యాన్సర్ అవకాశానికీ సంబంధం ఉందని అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2010లో, వేలమంది డి.ఎన్.ఏ.ను పోల్చిన అధ్యయనం చెప్పింది. చిట్టెలుకా మనిషీ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే జన్యువు దగ్గర కలిశారు. ఇక పీటీఎఫ్1ఏ విషయానికొస్తే, దాన్ని తీసేస్తే కేరాస్ ప్రభావం విపరీతంగా పెరుగుతుందని 2015లోనూ, దాన్ని తిరిగి తెరిస్తే గాయాలు ఏర్పడకుండా ఆగడమే కాక ఏర్పడినవి కూడా వెనక్కి తగ్గుతాయని 2019లోనూ తేలింది. కేరాస్ మార్పు అక్కడే ఉంది. కణానికి దాని రకం తిరిగి దక్కింది, అంతే. పైన నేను చెప్పిన సారాంశానికి దీనికన్నా గట్టి ఆధారం అక్కరలేదు.

ఇప్పుడు మీ మేనమామ గారి సంగతి. మద్యం అలవాటు లేకుండానే చిన్న వయసులో మొదలై, క్లోమంలో రాళ్లు, ఆ తరువాత మధుమేహం తెచ్చే దీర్ఘకాలిక క్లోమ శోథ దక్షిణ భారతంలో బాగా తెలిసినదే. ఆయనది అదేనా అన్నది చూసిన వైద్యుడే చెప్పాలి. ఈ రోగుల్లో చాలామందిలో స్పింక్1 అనే జన్యువులో మార్పు ఉంటుందని 2002లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన పరిశోధకులు చూపించారు. ఎసినార్ కణం తనలోనే పొరపాటున మేల్కొన్న ట్రిప్సిన్‌ను అణచివేయడానికి తయారుచేసుకునే ప్రోటీన్ అది. అది సరిగా లేకపోతే కణాలు మళ్లీ మళ్లీ దెబ్బతిని శోథ కొనసాగుతుంది. 2007 నాటి చిట్టెలుకల ప్రయోగాన్ని చదివిన మీకు ఇది ఎందుకు ఆందోళన కలిగించిందో నాకు అర్థమవుతుంది. 2021లో వచ్చిన ఒక పరిశోధన అయితే, శోథ పూర్తిగా తగ్గిపోయాక చాలా వారాల తరువాత కేరాస్‌ను తెరిచినా క్యాన్సర్ వేగంగా వస్తుందనీ, ఎసినార్ కణాల క్రొమాటిన్‌లో (డి.ఎన్.ఏ., దాన్ని చుట్టి ఉంచే ప్రోటీన్లు కలిసిన కట్టలో) ఆ పాత శోథ గుర్తులు మిగిలి ఉంటాయనీ చూపింది.

కానీ ప్రయోగశాలలోని చిట్టెలుకలో కేరాస్ మార్పును మనమే ఒకేసారి ఎన్నో కణాలలో పెట్టాం. మనిషిలో అది అరుదుగా, ఏదో ఒక కణంలో వస్తుంది. 1993లో ఆరు దేశాల వైద్య కేంద్రాల నుంచి దీర్ఘకాలిక క్లోమ శోథ ఉన్న 2,015 మందిని పరిశీలించినప్పుడు, 20 ఏళ్లలో క్లోమ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 4 శాతంగా తేలింది. మన ప్రాంతంలో రాళ్లతో వచ్చే రకంలో ఆ అవకాశం ఇంకా ఎక్కువని దక్షిణ భారత పరిశీలనలు చెబుతున్నాయి. అయినా అత్యధికుల్లో అది రాదు. ఆయన బీడీ, సిగరెట్టు, గుట్కా, మద్యం పూర్తిగా మానేయాలి. పొగాకు క్లోమ శోథకూ క్లోమ క్యాన్సర్‌కూ కారణాల్లో ఒకటి. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. బరువు అకారణంగా తగ్గడం, కళ్లు పచ్చబడడం, నొప్పి తీరు మారడం, అదుపులో ఉన్న చక్కెర హఠాత్తుగా అదుపు తప్పడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా కర్నూలులోనో తిరుపతిలోనో గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యుడిని కలిసి స్కానింగ్ చేయించుకోవాలి. చిట్టెలుకల పరిశోధన చదివి ఆయనకు మీరు భయం కలిగించవద్దు.

చిట్టెలుక నుంచి మనిషికి దారి ఎంతవరకు నడుస్తుందన్న దానికి రెండు ఉదాహరణలు మీ సెమినార్‌లో పెట్టండి. హనహాన్ చిట్టెలుకలలో రక్తనాళాలను అడ్డుకున్నప్పుడు కణితులు తగ్గాయి. అదే ఆలోచన మీద సునిటినిబ్ మందు మనుషుల్లో పుటికల కణాల కణితులకు 2011లో అమెరికాలో అనుమతి పొందింది. మరోవైపు, నాళ క్యాన్సర్ చిట్టెలుకల్లో హెడ్జ్‌హాగ్ అనే, కణాల మధ్య నడిచే సంకేతాన్ని అడ్డుకుంటే కీమోథెరపీ మందు కణితిలోకి బాగా చేరి ఆ చిట్టెలుకలు ఎక్కువకాలం బతికాయని 2009లో తేలింది, కానీ అదే ఆలోచనతో మనుషుల్లో మొదలైన క్లినికల్ పరీక్షను ప్రయోజనం లేదని 2012లో ఆపేశారు. కణితిలో కణానికి చుట్టూ ఉన్న నార కణజాలం అడ్డుగోడ మాత్రమే కాదనీ, కొంతవరకు కణితిని అదుపులో కూడా ఉంచుతుందనీ 2014లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

చివరగా, ఈ రంగంలో ఏ పరిశోధన చదివినా మొదట చూడవలసింది ఆంకోజీన్ పేరు కన్నా దాన్ని నడిపించే ప్రమోటర్ పేరు. అది ఏ కణంలో, పిండదశలోనా పెద్దయ్యాకనా, ఎంత మోతాదులో తెరుచుకుంటుందో, కణం మారిపోయాక కూడా తెరుచుకునే ఉంటుందో లేదో రాసుకోండి. పీడీఎక్స్1 ఆధారిత క్రీ ఎంజైము జీర్ణాశయం చివరి భాగంలోనూ డ్యూడినమ్‌లోనూ (చిన్నపేగు మొదటి భాగంలోనూ) కూడా పనిచేస్తుంది. ఇన్సులిన్ ప్రమోటర్‌తో చేసిన కొన్ని క్రీ చిట్టెలుకలలో అది మెదడులోని హైపోథాలమస్‌లో కూడా కనిపించింది. అండంలోకి ఇంజెక్ట్ చేసిన జన్యువు క్రోమోజోమ్‌లో ఎక్కడ కూర్చుంటుందో ముందుగా తెలియదు కనుక, ఒకే చిట్టెలుక వంశం మీద ఆధారపడిన ఫలితాన్ని నమ్మే ముందు వేరే వంశాలలోనూ అదే జరిగిందా అని చూడండి. ఎసినార్ కణం నిజంగా నాళ రూపంలోకి మారిందని రాసినచోట, మొదటే ఎసినార్ కణాలకు శాశ్వత రంగు గుర్తు వేసి తరువాత ఆ రంగున్న కణాలలో నాళ కణాల ప్రోటీన్ అయిన సైటోకెరాటిన్ 19 కనిపించిందా అన్నది వెతకండి. ఆ చిత్రం లేకపోతే అది ఊహ మాత్రమే.